బడి గ్రాంటు, విదియనాటి పడుగు

"ఒక్క పొద్దుకు ఆపమ్మా. ఒకే ఒక్క పొద్దు. ఎల్లుండి సాగదీసుకో నీ పడుగు. ఎవురు వద్దన్యారు?"

"ఎల్లుండి వీధి నీ అబ్బ సొత్తా? ఎల్లుండి తూర్పింటోళ్ల వంతు. ఆవలెల్లుండి మూలింటోళ్లది. ఈ వంతు పోగొట్టుకుంటే మల్లా పదైదు దినాలకు గానీ మనకు వీధి రాదు."

"వాండ్లను అడిగి మార్చుకోరాదా?"

"యాడన్నా చూసినావా వంతులు మార్చుకునేది? పిండి నానేసి నాలుగు దినాలాయ. కుండ మూత తీస్తే పులుపు ముక్కు పగలగొడ్తాంది. దాన్నేం చెయ్యమంటావు? దిబ్బలో పొయ్యమంటావా?"

"పొయ్. కుండెడు జొన్నపిండి. నా బడి కుండెడు జొన్నపిండి పాటి చెయ్యదా?"

"చేస్తాదో చెయ్యదో నాకెట్ల తెలుస్తాది? పిండి అంటే కండ్లకు కనపడ్తాంది."

ఇది పాడ్యమి నాటి మధ్యాహ్నం మా ఇంట్లో జరిగిన మాట. ఆపమన్నది నా కూతురు. ఆపనన్నది నేను. ఆమె చేతిలో బోర్డు ఆఫీసు నుంచి అప్పుడే టపాలో వచ్చిన జాబు ఉంది. ఆడపిల్లల బళ్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మ మరుసటి రోజు, అంటే విదియ నాడు ఉదయం, మా వీధి బడికి వస్తుందని అందులో రాశారు. ఇరవై మంది ఆడపిల్లలు బడిలో కూర్చుని కనబడితే గ్రాంటు వస్తుంది. కనబడకపోతే రాదు. గ్రాంటు రాకపోతే నా కూతురు ఈ బడి మూసి, కడప జిల్లాలో ఎక్కడో తనను పిలుస్తున్న పనికి పోవలసిందే. ఆ విదియ నాడే, పొద్దున్నే, మా ఇంటి పడుగు వీధిలో సాగదీయవలసిన వంతు. పడుగుకు కావలసిన పిల్లలూ బడిలో కూర్చోవలసిన పిల్లలూ ఒకరే.

నేత తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. పడుగు అంటే గుడ్డకు నిలువున వచ్చే నూలు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడుగునా రెండు కొయ్యల మధ్య బిగించి కడతారు. దానికి నానేసిన జొన్నపిండితో కాచిన గంజి పట్టించి పెద్ద కుంచెతో దువ్వుతారు. కుంచె పోయిన దారి వెంట అక్కడక్కడా పోగులు తెగుతాయి, పక్కపోగులతో అతుక్కుంటాయి. తడి ఆరకముందే వాటిని విడదీయాలి, తెగినదాన్ని వెదికి నలిపి అతకాలి. ఈ పని ఆడపిల్లలది. సన్నని వేళ్లుండాలి, కళ్లు చురుగ్గా ఉండాలి. నలభై దాటిన నా కళ్లకు అప్పటికే పోగు రెండుగా కనబడేది. ఎవరింటి వంతు వస్తే ఆ ఇంటికి వీధిలోని ఆడపిల్లలందరూ వచ్చి పడుగుకు ఇరువైపులా నిలబడతారు. దీనికి కూలి లేదు. ఈరోజు మా పిల్ల మీ పడుగుకు వస్తే, రేపు మీ పిల్ల మా పడుగుకు వస్తుంది. అందుకే దుడ్లిచ్చి బయటి నుంచి మనుషులను తెచ్చే అలవాటు మాలో లేదు. తెస్తే వీధి ఊరుకోదు కూడా.

ఎండ ముదరకముందే, గాలి లేవకముందే పని అయిపోవాలి. మా పడమటి సీమలో గాలి ఒకసారి లేచిందంటే మళ్లీ పొద్దుగూకేదాకా పడుకోదు.

మా ఇంట్లో అప్పుడు నేను, కొడుకు, కూతురు, తొమ్మిదేళ్ల మనవరాలు ఉండేవాళ్లం. కోడలు కాన్పుకు పుట్టింటికి పోయింది. కొడుకు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పాత పడుగు చివరి మూర నేస్తున్నాడు. మా మాటలన్నీ విన్నాడు. నేత ఆపలేదు. వాడి అలవాటే అంత.

నా కూతురు సంగతి చెప్పాలి. పెండ్లికి ముందు ఏడో తరగతి పరీక్ష ఇచ్చి నెగ్గింది. పెండ్లయ్యాక మొగుడు సోలాపురం మిల్లుకు పోయాడు. మొదటి ఏడు జాబులు రాశాడు. రెండో ఏడు రాయలేదు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని మూడో ఏడు తెలిసింది. ఇది చెప్పడానికి మా ఇంటికి వచ్చిన మనిషికి నేను మజ్జిగ ఇచ్చి పంపాను. కూతురు పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చింది. ఆ మరుసటి నెల నుంచి నూలు పెట్టుకునే వెనక అరను ఊడ్చి, వీధి ఆడపిల్లలను పోగేసి, ఇసకలో అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది.

అర ఇచ్చింది నేనే. నూలు మూటలు అటక మీదికి ఎక్కించాం. బడి వేళలో దీపం వెలిగించకూడదని, సున్నం గోడకు బలపంతో గీయకూడదని చెప్పాను. ఆమె సరేనంది. పిల్లల ఇళ్ల నుంచి పిడికెడు జొన్నలో కొర్రలో వచ్చేవి. అవి ఆమె ఒక్కదాని తిండికే చాలేవి కావు. నేను కూడా చిన్నప్పుడు రెండేళ్లు అరుగు బడికి పోయినదాన్నే. గుణింతాలు దాటి ఒత్తుల్లోకి వచ్చాక పంతులు వేరే ఊరికి పోయాడు. మళ్లీ ఎవరూ రాలేదు. ఆ రెండేళ్ల చదువుతోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే మా మనవరాలు దిద్దింది.

రెండేళ్లు నడిచింది ఆ బడి. పట్టీలో ముప్పై ఒక్క పేరు. అందులో ఇరవై రెండు మగ్గాలవాళ్ల పిల్లలు. మిగిలిన తొమ్మిదిమంది దూదేకుల ఇండ్లవాళ్లు, అంగడివాళ్లు. ఆ పట్టీలో మిగిలిపోయిన ఖాళీ పుటల మీదనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. మంచి కాగితం.

గ్రాంటు సంగతి మాకు చెప్పింది తాలూకా కచేరీ అరుగు మీద కూర్చుని అర్జీలు రాసే ఆయన. ఆడపిల్లల బళ్లకు బోర్డువాళ్లు ఏటేటా కొంత ఇస్తున్నారని, ఆడవాళ్ల సంఘం ఏదైనా అడిగితే ముందు చూస్తారని ఆయన అన్నాడు. కచేరీ మా ఊరికి ఆరు మైళ్లు. నేను, నా కూతురు, పక్కింటి దూదేకులామె, ముగ్గురం నడిచి పోయాం. దూదేకులామె నాకంటే పదేళ్లు చిన్నది. ఆమె కూతుర్లు ఇద్దరూ మా బడికి వచ్చేవాళ్లు. నోరు గట్టిది. ఆమె లేకపోతే కచేరీ మెట్లు ఎక్కి ఉండేవాళ్లం కాదేమో.

అర్జీ రాసే ఆయన కలం తీసి అడిగాడు.

"సంఘం పేరేమమ్మా?"

"ఏ సంఘమప్పా?" అన్నాను.

"ఒక మనిషికి గ్రాంటు ఇయ్యరు. సంఘానికి ఇస్తారు. మీ ఆడోళ్లు ఐదుగురన్నా సంఘంగా ఉండల్ల."

"ఐదుగురం రోజూ ఒకసోట కూచ్చోని కండెలు చుడతాం. అది సంఘమేనా?"

ఆయన నవ్వి ఏదో పేరు తానే పెట్టి రాశాడు. తర్వాత అధ్యక్షురాలు ఎవరని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల దూదేకులామె అందుకుంది.

"ఇంగెవురు, మా అక్కే. ఆయమ్మ మాటకు ఎదురుచెప్పేవాండ్లు మా వీధిలో ఇంగా పుట్టల్యా."

"సంతకం చేస్తాదా?"

"మా అక్క సంతకం చేస్తే కాగితం చినగల్ల. అంత గట్టిగా చేస్తాది."

ఐదుగురిలో సంతకం వచ్చింది నాకొక్కదానికే. మిగిలినవాళ్ల చేత ఊళ్లో వేలిముద్రలు వేయించి తేవాలి. ఆయన ఇంకా శానా అడిగాడు. బడికి కిటికీలెన్ని. తాగే నీళ్లు ఎక్కడివి. గడియారం ఉందా.

"గడియారమెందుకప్పా? నీడ గడప మీదికొస్తే పన్నెండు," అని నా కూతురు అంది.

"ఉందని రాస్తానులే."

"లేందాన్ని ఉండాదని ఎట్ల రాస్తావు? లేదని రాయి," అన్నాను నేను.

"అవ్వా, అందరూ ఉందనే రాస్తారు."

"అందరూ రాయనీ. సంతకం నాది గదా."

లేదనే రాశాడు. నా కూతురు నా వైపు చూసింది. అప్పటికి ఆ చూపు నాకు మెచ్చుకోలుగా తోచింది.

ఆఖరున ఒక గడి ఉంది. తనిఖీకి ఏ దినం అనుకూలమో రాయమని. నా కూతురు ఆలోచించకుండానే అమావాస్య అంది. అర్జీ రాసే ఆయన కలం ఆపి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అమావాస్యే అంది. ఎందుకంటే అమావాస్య నాడు మేము మగ్గంలోకి దిగం. కండె చుట్టం, పడుగు ముట్టం. నెలలో మా పిల్లల చేతులు ఖాళీగా ఉండే రోజు అదొక్కటే. ఇరవై కాదు, ముప్పై ఒక్కరినీ కూర్చోబెట్టవచ్చు. మగ్గాల వీధిలో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. అర్జీలో ఎందుకో రాయాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

వేలిముద్రలు వేయించి మళ్లీ నడిచి పోయి ఇచ్చిన అర్జీ మొదటిసారి తిరిగి వచ్చింది. వేలిముద్రలకు పక్కన మునసబు సాక్షి సంతకం లేదని. మళ్లీ పోయాం. ఆరు మైళ్లు పోను, ఆరు రాను. రెండోసారి మూడు నెలలు ఏ జవాబూ లేదు. ఆలోపల కడప జిల్లా నుంచి నా కూతురికి జాబు వచ్చింది. ఒక పల్లెలో బోర్డు బడికి పంతులమ్మ కావాలని, ఉండడానికి గది కూడా ఇస్తామని, నెలాఖరులోగా ఒప్పుకోలు రాయమని. రైలు మారి పోవలసిన దూరం. ఆమె ఆ జాబు నాకు చదివి వినిపించి పెట్టెలో పెట్టింది.

"పోతావా?" అని అడిగాను.

"గ్రాంటు వస్తే యాలకు పోతా?" అంది.

తర్వాత ఒకనాడు టపా మనిషి తెచ్చిన కార్డులో తనిఖీకి వస్తారని ఉంది. దినం రాయలేదు. మేము అడిగిన దినమే అనుకున్నాం. ఆ అమావాస్య నాడు పిల్లలందరూ తలలకు ఆముదం పెట్టుకుని వచ్చారు. ఒక్కరూ మానలేదు. మిట్టమధ్యాహ్నం దాటేదాకా కూర్చున్నారు. పద్యం చెప్పిందే చెప్పారు, ఎక్కం చెప్పిందే చెప్పారు. చిన్నవాళ్లు గోడకు ఆనుకుని నిద్రపోయారు. ఎవరూ రాలేదు. నా కూతురు వాళ్లను ఇండ్లకు పంపి, చాపలు దులిపి చుట్టి పెట్టింది.

మరుసటి రోజు, పాడ్యమి నాడు, ఆ రెండో జాబు వచ్చింది. అచ్చు కాగితం అడుగున గుమాస్తా పెన్సిలుతో తెలుగులో రెండు ముక్కలు రాశాడు. మీరు పొరపాటున అమావాస్య కోరినారు, మంచి పనికి తగదు గనుక విదియకు మార్చి పెట్టినాను అని. మంచి మనిషే అయి ఉంటాడు. విదియ మంచి దినమని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అందుకే అమావాస్య తర్వాత మా వీధిలో మొదటి పడుగు సాగదీసేది కూడా విదియ నాడే.

ఇక తగవు దగ్గరికి వస్తాను. పిండి మాట అయ్యాక ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

"అర్జీ మీద మొదటి సంతకం నీదే గదమ్మా."

"నాదే. బడికి పెట్టినా సంతకం. పడుగుకు పెట్టల్యా."

"ఆయమ్మ వచ్చి మీ అధ్యక్షురాలు యాడ అంటే నేనేం చెప్పల్ల? గంజి కలుపుతాంది అని చెప్పల్లా?"

"చెప్పు. కలిపేది నిజమే గదా."

"నిజమంట నిజం! గడియారం లేదని రాయించినావే, అప్పుడూ ఇట్లనే. నీ నిజానికి ఏం పోతాదిమ్మా. పోయేదంతా నాది."

"మే, గొంతు తగ్గించు. ఈ పడుగు మగ్గమెక్కకపోతే పదైదు దినాలు నీ అన్న ఉత్త గుంతలో కూచ్చుంటాడు. కాన్పయి కోడలు వస్తాది. దానికి పథ్యం నువ్వు పెడతావా, నీ ఇన్‌స్పెక్టరమ్మ పెడతాదా?"

"గ్రాంటు వస్తే నేను పెడతా."

"వస్తే గదా."

"రానీకుండా చేస్తాండేది ఎవురు?"

నేను కుండ మూత తీసి పిండి కలియబెట్టాను. అప్పుడే దూదేకులామె గోడ అవతలి నుంచి లోపలికి వచ్చింది. నెత్తి నిండా దూది పొట్టు.

"ఏమక్కా, మీ అమ్మాకూతుర్లు అరిస్తే ఆడ మా ఇంట్లో దూది ఎగుర్తాంది. ఏకే పనే లేదు మాకు ఈరోజు."

నా కూతురు ఆమెకు జాబు చూపించి సంగతి చెప్పింది. ఆమె చీర చెంగుతో నెత్తి దులుపుకుని కూర్చుంది.

"ఇంతేనా? మగపిల్లోల్లకు పరికిణీలు కట్టి కూచ్చోబెట్టు. మా చిన్నోనికి జడ కూడా ఉండాది, మొక్కుబడిది."

నా కూతురు నవ్వలేదు. దూదేకులామె నవ్వు ఆపి మళ్లీ అంది.

"సరే, నవ్వుకు అన్యా. అక్కా, రేపు కోడి కూసే పొద్దుకే సాగదీయండి. ఎండ గోడ సగానికి దిగేసరికి అయిపోదా మీ పడుగు? పిల్లోల్లను అప్పుడు వదులు. కచేరీవాండ్లు పదకొండు దాకా పండ్లు కూడా తోముకోరు. మనం మూడుతూర్లు పోలేదా? మూడుతూర్లూ తలుపు తెరిసేదాకా మెట్ల మీద కూచ్చోలేదా?"

అది నిజమే. కచేరీలో పదకొండు కాకముందు మనిషి కనబడడం మేమెన్నడూ చూడలేదు. ఇన్‌స్పెక్టరమ్మ కూడా కచేరీ మనిషే. మా ముగ్గురికీ ఆ లెక్క సరిగ్గానే ఉన్నట్టు తోచింది. జాబులో ఉదయం అని మాత్రమే ఉంది.

"వదుల్తావా అప్పుడు?" అని నా కూతురు అడిగింది.

"వదుల్తా."

"ఇంగ ఒక పోగుందని, ఇంగొక మూరుందని నిలబెట్టవు గదా?"

"గోడ సగానికి ఎండ దిగినాక ఒక్కరిని కూడా నిలబెట్టను. చెప్పినానంటే చెప్పినానే."

ఆమె బిందె తీసుకుని నీళ్లకు పోయింది. నేను పొయ్యి ముట్టించి గంజి కాచాను.

మరుసటి పొద్దున కోడి కూయగానే కొడుకు వీధి రెండు కొసలా కొయ్యలు పాతాడు. పడుగు విప్పి సాగదీశాం. తూర్పు తెల్లబడే వేళకు మగ్గాల ఇండ్ల ఆడపిల్లలు ఇరవై ఇద్దరూ వచ్చి, పదకొండుమంది ఇటు, పదకొండుమంది అటు నిలబడ్డారు. మా మనవరాలు నా పక్కనే నిలబడింది. నా కూతురు వాళ్ల పరికిణీలకు గంజి అంటకుండా పాత గోనెపట్టలు కట్టింది. అందరికీ తలలు తానే దువ్వింది. తర్వాత బడి అరలోకి పోయి చాపలు పరిచింది.

నేను గంజి పట్టిస్తున్నాను. కొడుకు, వీధిలోని ఇంకొకతను కుంచె రెండు కొసలా పట్టుకుని దువ్వుతున్నారు. పడుగు సగానికి వచ్చాం. ఎండ ఇంకా ఇండ్ల కప్పుల మీదనే ఉంది. అప్పుడు వీధి చివర జట్కా ఆగింది. పడుగు అడ్డం ఉంది గనుక లోపలికి రాలేకపోయింది. తెల్లచీర కట్టుకున్న ఒకామె గొడుగు చేతపట్టుకుని దిగింది. ఎండలకు భయపడి చీకటితోనే బయలుదేరిందట. మా బడి చూసుకుని, ఎండ ముదరకముందు ఇంకో ఊరి బడికి పోవాలట. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

ఆమె పడుగు పక్కనే వీధి పొడుగునా నడిచి వచ్చింది. పిల్లలు తలలెత్తి చూశారు. మా మనవరాలి దగ్గర ఆగింది.

"నువ్వు బడికి పోవా, పాపా?"

"పోతానమ్మా. అవ్వ వదిల్తే పోతా."

ఆమె నన్ను చూసింది. నేను గంజి గిన్నె కింద పెట్టి దండం పెట్టాను. ఆమె దండం పెట్టి లోపలికి పోయింది.

కాసేపటికి నా కూతురు బయటికి వచ్చింది. నడిచి రాలేదు, పరుగెత్తింది.

"అమ్మా, లోపల తొమ్మిదిమందే ఉండారు. ఆయమ్మ పావుగంట ఆగుతానంటాంది. పిల్లోల్లను పంపు. పేర్లు పిలిచి మల్లా నీ కాడికే పంపిస్తా. పావుగంటే."

నేను పడుగును చూశాను. సగం తడి, సగం పొడి. పడమటి నుంచి గాలి అప్పుడే మొదలయింది. తడిపిన భాగాన్ని పావుగంట వదిలేస్తే పోగులు ఒకదానికొకటి బిగుసుకుని తాడయిపోతాయి. మళ్లీ విడదీస్తే సగం తెగుతాయి. ఆ పడుగు ఇంక దేనికీ పనికిరాదు. ఒక వైపువాళ్లను మాత్రమే పంపినా ఆ వైపు పోగుల గతి అదే. ఇది నా కూతురికి కూడా తెలుసు. ఆమె ఈ వీధిలోనే పుట్టింది.

"సగంలో ఉండాది," అన్నాను.

"తెలుసు. చూస్తాండా."

"ఇంగ కొంచేపు ఆగమను."

"అడిగినా. పావుగంట కంటే ఆగలేనంటాంది. అమ్మా."

పిల్లలు ఆమెను చూశారు, నన్ను చూశారు. ఇద్దరు ముగ్గురు చేతులు గోనెపట్టకు తుడుచుకున్నారు.

"ఎవురూ కదలద్దండి," అన్నాను.

ఎవరూ కదల్లేదు. కొడుకు కుంచె ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. దువ్వమన్నాను. దువ్వాడు. నా కూతురు ఒక క్షణం అక్కడే నిలబడి, వెనక్కి తిరిగి బడిలోకి పోయింది. అప్పుడు నాకు కోపం లేదు, బాధ అని చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. చేతులు గంజిలో ఉన్నాయి. గంజి ఇంకా వెచ్చగా ఉంది.

పావుగంట గడిచాక ఇన్‌స్పెక్టరమ్మ ఒక పుస్తకం పట్టుకుని బయటికి వచ్చింది. మెత్తగానే మాట్లాడింది.

"మీరేనా అధ్యక్షురాలు?"

"నేనేనమ్మా."

"పంతులమ్మ బాగా చెబుతోంది. ఆ తొమ్మిదిమందీ బాగా చదివారు. కానీ నేను చూసిందే రాయాలి. తొమ్మిది రాశాను. గ్రాంటుకు ఇది చాలదు. ఇక్కడ మీ సంతకం కావాలి."

నేను చెంబులో చేతులు కడుక్కుని, చెంగుకు తుడుచుకున్నాను. ఆమె వేలితో చూపించిన చోట సంతకం పెట్టాను. వేళ్లు చల్లబడి ఉన్నాయి గనుక ఒత్తులు వంకరగా వచ్చాయి. దూదేకులామె తన గడపలో నిలబడి చూస్తోంది. ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకం మూసి, మళ్లీ పడుగు పక్కగా నడిచి, జట్కా ఎక్కి వెళ్లిపోయింది.

మిగిలిన సగం పూర్తి చేశాం. పదిహేడు చోట్ల పోగులు తెగితే పిల్లలు అన్నీ అతికారు. ఎండ గోడ సగానికి దిగింది. వదిలాను. నా కూతురు బడి వాకిట్లో బిందె పెట్టుకుని చెంబుతో నీళ్లు పోసింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చేతులు కడుక్కుని లోపలికి పోయారు. నేను, కొడుకు ఆరిన పడుగును చుట్టి మగ్గం దగ్గరికి మోసుకుపోయాం.